ఎవరి ఊళ్లో ఎవరు పరాయి?

(అడివి బాపిరాజు స్మారకోపన్యాస పాఠం)

1895లో పుట్టి 1952లో వెళ్లిపోయిన అడివి బాపిరాజుగారు యాభై ఏడేళ్లు నిండకుండానే బొమ్మలు వేశారు, పాటలు కట్టారు, పాఠాలు చెప్పారు, పత్రిక నడిపారు. అయినా తెలుగు పాఠకుడికి ఆయన ‘హిమబిందు’, ‘గోన గన్నారెడ్డి’, ‘అడివి శాంతిశ్రీ’ రాసిన మనిషి. శాతవాహనులూ ఇక్ష్వాకులూ కాకతీయులూ మన వీధిలో మనుషుల్లా నడిచింది ఆయన పుస్తకాల్లోనే. ఆ దారిలో ఎవరూ తిరగని మలుపు ఒకటి మిగిలిపోయింది. మతాన్ని వెంటబెట్టుకుని ఒక నేల మీదకు వచ్చి ఊరు కట్టుకున్న తొలి జనం, వాళ్ల మధ్య తిరుగాడే ఒక పరాయి కుర్రవాడో ఆడపిల్లో: ఈ అమరికతో చారిత్రక నవల రాసేటప్పుడు ‘పరాయి’ అన్న మాటను ఎవరికి తగిలిస్తున్నామన్నదే ఆ నవల నిజాయితీకి గీటురాయి అని నా వాదం. శబరి నదికి పడమట, ఛత్తీస్‌గఢ్‌లోని చింతలనార్ చుట్టూ ఉన్న అడవిలో నిలబడి చూస్తే ఆ మాటను తిరగేసి తగిలించాల్సిందే అని కూడా నా వాదం. ఇది చెప్పడానికి ముందు కొంచెం దూరం పోయి రావాలి.

ఎలిజబెత్ జార్జ్ స్పియర్ 1958లో ‘ది విచ్ ఆఫ్ బ్లాక్‌బర్డ్ పాండ్’ అన్న నవల రాసింది. అమెరికాలో పిల్లల సాహిత్యానికి ఇచ్చే న్యూబెరీ పతకం మరుసటి ఏడు దానికి దక్కింది. కథ 1687లో మొదలవుతుంది. బార్బడోస్ దీవిలో తాతగారి తోటల్లో గారాబంగా పెరిగిన కిట్ టైలర్, ఆయన పోయాక దిక్కులేక, కనెటికట్‌లో వెదర్స్‌ఫీల్డ్ అన్న ఊళ్లో ఉన్న తల్లి తోబుట్టువు ఇంటికి ఓడెక్కి బయలుదేరుతుంది. అది ప్యూరిటన్ల ఊరు. తమకు నచ్చిన తీరులో దేవుణ్ణి కొలుచుకోవాలని సముద్రం దాటి వచ్చిన కఠిన నిష్ఠాపరుల ఊరు. ఇంకా అక్కడికి చేరకముందే, పడవలో ఒక చిన్నపిల్ల చేతిలోని చెక్కబొమ్మ నీళ్లలో పడిపోతుంది. కిట్ వెనకాముందూ చూడకుండా దూకి, ఈది, బొమ్మ తెచ్చి ఇస్తుంది. బార్బడోస్‌లో ఆడపిల్లకు ఈత ఒక ఆట. ఇక్కడ ఆడది నీటి మీద తేలిందంటే మంత్రగత్తె అన్న అనుమానం. తడిసిన బట్టల్లో వణుకుతూ కూర్చున్న పిల్లను ఎవరూ మెచ్చుకోరు, మొహాలు బిగుసుకుంటాయి. నవల మొత్తానికి విత్తనం ఆ చెక్కబొమ్మ దగ్గరే పడింది. తర్వాత కిట్ చెరువుగట్టున ఒంటరిగా బతికే హన్నా అనే క్వేకరు ముసలమ్మతో స్నేహం చేస్తుంది. ఆ బొమ్మ పిల్లకే, ప్రూడెన్స్‌కు, తల్లికి తెలియకుండా అక్షరాలు నేర్పుతుంది. ఊళ్లో జ్వరాలు తగులుకుంటాయి. జనం హన్నా గుడిసె తగలబెడతారు, కిట్ మీద చేతబడి నేరం మోపుతారు. ప్రూడెన్స్ పేరు వరసగా రాసి ఉన్న కాగితాలే సాక్ష్యంగా వస్తాయి. చివరికి ఆ పిల్లే వచ్చి, అందరి ముందూ తన పేరు తానే రాసి, బైబిలు చదివి చూపించేసరికి ఆరోపణ కూలిపోతుంది.

చాలా నేర్పుగా అల్లిన కథ. పరాయితనాన్ని ఉపన్యాసంగా చెప్పకుండా ఈతలో, బట్టలో, పలకలో చూపించింది రచయిత్రి. ఆ మెచ్చుకోలును నేను వెనక్కి తీసుకోను. అయితే ఆ పరాయిపిల్ల నవలలో చేస్తున్న పని ఏమిటో చూడండి. వలస వచ్చినవాళ్ల గుండెను కాస్త మెత్తబరచడం. ఊరు ఆమెను అనుమానించింది, ఆమె మంచిదని తేలింది, ఊరు కొంచెం మారింది. ఈ పని జరుగుతున్నంతసేపూ ఊరు ఎవరి నేల మీద ఉందన్న ప్రశ్న పాఠకుడి మనసులోకి రాదు. వెదర్స్‌ఫీల్డ్‌ను ఇంగ్లీషువాళ్లు 1634లో కట్టుకున్నారు. అంతకుముందు ఆ చోటు పేరు పైక్వాగ్, అది వాంగంక్ ప్రజల చోటు. 1637 వసంతంలో పీక్వాట్‌లు ఆ ఊరి మీద పడి కొందరిని చంపి, ఇద్దరు ఆడపిల్లలను ఎత్తుకుపోయారు. కొన్ని వారాలకే ఇంగ్లీషు దళం మిస్టిక్ దగ్గర పీక్వాట్‌ల కోటకు నిప్పు పెట్టింది. ఆడవాళ్లూ పిల్లలతో సహా వందల మంది అందులో మాడిపోయారు. కిట్ ఓడ దిగేటప్పటికి అది యాభై ఏళ్ల కిందటి మాట. ఊళ్లో ముసలివాళ్లకు జ్ఞాపకం ఉండాల్సిన మాట. నవలలో ఆదివాసులు పొలిమేర అవతలి భయంగా, యువకులను చెరబట్టే శత్రువులుగా దూరంగా వినిపిస్తారు తప్ప ఒక మొహంగా కనిపించరు. ఇక కిట్‌కు ఓడ కిరాయి ఎక్కడిది? తన దగ్గరున్న బానిసపిల్లను అమ్మగా వచ్చిన డబ్బు అది. ఆ పిల్ల ఒకటి రెండు మాటల్లో వచ్చి పోతుంది. అసలైన పరాయిపిల్ల ఎవరు? చెక్కబొమ్మ కోసం నీళ్లలోకి దూకిన పిల్లా, ఆ ప్రయాణం కోసం అమ్ముడుపోయిన పిల్లా?

మన కాలపు నీతిని పదిహేడో శతాబ్దం మీద రుద్దుతున్నావని ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇది తేలిగ్గా తీసిపారేయాల్సిన మాట కాదు. చారిత్రక నవలకు ప్రాణం కాలజ్ఞానమే. ఆనాటివాళ్ల ఊహకు అందని ఆలోచనను వాళ్ల తలలో పెడితే అది వేషం అవుతుంది. కానీ ఈ ప్రశ్న ఆనాటివాళ్లకు అందనిదా? నవల మొదలైన మరుసటి ఏడే, 1688లో, పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో కొందరు క్వేకర్లు బానిసల వ్యాపారం తప్పని అర్జీ రాసి సంతకాలు పెట్టారు. హన్నా కూడా క్వేకరే. అదే నవలలో, ఆ ఓడ కెప్టెన్ కొడుకు తమ ఓడలో బానిసలను ఎక్కించమని గర్వంగా చెప్పుకుంటాడు కూడా. అంటే ఆ ప్రశ్న ఆ కాలంలోనే ఉంది, ఆ మతంలోనే ఉంది, ఆ ఓడ మీదే ఉంది. రచయిత్రి దాన్ని తాకి వదిలేసింది. కాలం మీద నెపం వేసి తప్పించుకోవడం కుదరదు. ఇది పిల్లల పుస్తకం కదా, ఇంత బరువు మోయిస్తారా అంటారేమో. మంత్రగత్తె విచారణ బరువును మోయగలిగిన పిల్లలు ఈ బరువునూ మోయగలరు.

ఇప్పుడు మన వైపు వద్దాం. చింతలనార్ ఛత్తీస్‌గఢ్‌లో, సుక్మా జిల్లా కోంటా బ్లాకులో, దోర్నపాల్ నుంచి జగర్‌గుండ పోయే దారిలో ఉంది. ఆ పేరు వినగానే తెలుగు చెవికి చింతచెట్లు తోస్తాయి. ‘నార్’ అంటే గోండిలోనూ కోయలోనూ ఊరు. బయటి ప్రపంచానికి ఈ ఊరు రెండు తేదీలుగానే తెలుసు. 2010 ఏప్రిల్ 6న ఈ దాపుల్లో 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. 2011 మార్చిలో మోర్‌పల్లి, తిమ్మాపురం, తాడ్‌మెట్ల ఊళ్లలో ఇళ్లు తగలబడ్డాయి, ఆ ఏడు జూలైలో సుప్రీంకోర్టు దాని మీద సి.బి.ఐ. దర్యాప్తుకు ఆదేశించింది. ఈ రెండు తేదీలకు వెనక వెయ్యేళ్ల రాకపోకలున్నాయి. ఆ వచ్చినవాళ్లలో చాలామంది దేవుణ్ణి వెంటబెట్టుకునే వచ్చారు, వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. బారసూరులో 11వ శతాబ్దపు తెలుగు శాసనం ఉంది. నాగవంశపు రాజు జగదేకభూషణుడి సామంతుడు, తెలుగు చోడుడైన చంద్రాదిత్యుడు, అక్కడ శివాలయం కట్టించి చెరువు తవ్వించాడు. 1323లో ఓరుగల్లు కూలాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తరు చేరాడని అక్కడి రాజవంశం చెప్పుకుంది. దేవత అతని వెనకే నడిచిందనీ, వెనక్కి తిరిగి చూడవద్దని మాట తీసుకుందనీ, నది ఇసుకలో గజ్జెల చప్పుడు ఆగేసరికి అతను తిరిగి చూశాడనీ, ఆమె అక్కడే దంతేశ్వరిగా నిలిచిపోయిందనీ కథ. ఇది చరిత్ర కాకపోవచ్చు. కానీ వలస వచ్చిన మతం తన రాకను ఎలా జ్ఞాపకం పెట్టుకుంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ లేదు. ఆ కథలో రాజు ఉన్నాడు, దేవత ఉంది, ఇసుక ఉంది. గట్టు మీద పశువులను తోలుకుంటూ, గజ్జెల చప్పుడు ఎందుకాగిందో తెలియక చూస్తున్న కుర్రవాడు లేడు. అప్పటికే ఆ నేల మీద కొలుపులు అందుకునే చెట్టూ, దాని పూజారీ ఆ కథలో లేరు. నవల మొదలవాల్సింది ఆ గట్టు మీద.

దంతేవాడలో మరో సాక్ష్యం ఉంది. 1703లో బస్తరు రాజు దిక్పాలదేవుడు అక్కడ రెండు రాళ్ల మీద శాసనం వేయించాడు. ఒకటి సంస్కృతం. ఈ కలికాలంలో సంస్కృతం చదవగలవాళ్లు కొద్దిమందే ఉంటారు గనక రెండో రాయి మీద భాషలో, అంటే వాడుక మాటలో, రాస్తున్నామని ఆ రెండో రాతి మీదే చెప్పారు. రాయించిన పండితుడు మిథిల నుంచి వచ్చినవాడు, రాజు ఓరుగల్లు వంశం చెప్పుకున్నవాడు, బలుల నెత్తురుతో ఎర్రబడ్డాయని శాసనం చెప్పిన నీళ్లు శంఖిని నదివి. అర్థమయ్యేలా రాయాలన్న తపన ఆ పండితుడికి ఉంది, దానికి దండం పెట్టాలి. కానీ ‘భాష’ అన్నది వచ్చినవాళ్లలో చదువు తక్కువైనవాళ్ల భాష దగ్గరే ఆగిపోయింది. ఆ గుడి చుట్టూ ఉన్న జనం ఇంట్లో మాట్లాడే గోండి వరకూ రాలేదు.

బాపిరాజుగారు కథలోకి తెచ్చిన నాగార్జునకొండ దగ్గరా ఇదే కనిపిస్తుంది. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి కూతురు పేరు అక్కడి శాసనాల్లో అడవి చాతిసిరి అని ఉంది. ఆ పేరులోని ‘అడవి’ని పట్టుకుని ‘అడివి శాంతిశ్రీ’ అనే నవలా ప్రపంచాన్ని నిర్మించగలగడం ఆయన కవితా శక్తి. అక్కడే, వీరపురుషదత్తుడి ఏలుబడి పద్నాలుగో ఏట, బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించి తామ్రపర్ణి ఆచార్యులకు ఇచ్చింది. ఆ ఆచార్యులు ఏయే దేశాలవాళ్లను ధర్మంలోకి తెచ్చారో శాసనం వరసపెట్టి చెబుతుంది. కాశ్మీరం, గాంధారం, చీనా, ఆ వెంటనే చిలాత. చిలాత అంటే కిరాతులు, అడవి జనం. కాశ్మీర గాంధారాల పక్కన అంత గౌరవమైన వరసలో వాళ్ల పేరు ఉండటం చిన్న విషయమేమీ కాదు. అయినా అది వెళ్లినవాళ్ల విజయాల పట్టీ. ఒక భిక్షువు తమ గూడేనికి వచ్చిన రోజున చిలాత పిల్లకు ఏమనిపించిందో ఆ రాయికి తెలియదు. తెలుగు చారిత్రక నవల రాయి చెప్పిన వైపు నుంచే, అంటే కట్టించినవాళ్ల వైపు నుంచే కథ చెబుతూ వచ్చింది. బాపిరాజుగారి అడవి పాత్రలకు అందం ఉంది, తేజస్సు ఉంది. లోకాన్ని అడవి వైపు నుంచి చూసే కన్ను ఆయన వదిలిపెట్టిన పని.

ఆ కన్నుకు అన్నిటికన్నా దగ్గరగా, కాగితాల ఆధారంతో దొరికే చోటు దుమ్ముగూడెం. గోదావరి మీద ఆనకట్టలు, కాలవలు కట్టి పైకి పడవలు నడపాలన్న పథకంలో ఇంజనీరు హేగ్ అక్కడ పనిచేశాడు. 1860 ప్రాంతంలో కోయల మధ్య క్రైస్తవ మిషను పెట్టాలని పట్టుబట్టింది ఆయనే. ఆ పనుల్లోనే సర్కారు ఉద్యోగంలో ఉన్న వెంకటరామరాజు అనే తెలుగు మనిషి క్రైస్తవం పుచ్చుకుని, ఉద్యోగం వదిలి, కోయ గూడేల్లో తొలి బోధకుడయ్యాడు. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ దశాబ్దాల పాటు అక్కడ ఉండి కోయ భాష నేర్చుకున్నాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల జనం గురించి ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో రాశాడు. దక్షిణాది కులాల, తెగల మీద థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల్లో కోయల మీద రాసినదానిలో ఆ రాతల పాలు పెద్దది. 1874లో ఆ తాలూకాలు సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు కిందికి మారాయి. నదిలో పడవల పథకం మూలపడింది, మిషను మిగిలింది. ఇక్కడ తెలుగు రచయితకు ఒక పెద్ద ఆకర్షణ ఎదురవుతుంది. వెంకటరామరాజును కథానాయకుణ్ణి చేయవచ్చు. సొంతవాళ్లకు దూరమై, దొరల మధ్య నల్లవాడై, కోయల మధ్య తెలుగువాడైన మనిషి. కిట్ టైలర్ కన్నా చిక్కని పాత్ర. కానీ అతన్ని కేంద్రంలో నిలబెడితే మళ్లీ పాత దారినే పడతాం. పరాయివాడి మంచితనం నిరూపించడంలో నవల అయిపోతుంది. అదే మిషను బడిలో తెలుగు అక్షరం దిద్దుతున్న పదిహేనేళ్ల కోయ కుర్రవాణ్ణి అనుకోండి. కెయిన్ దొర అతని నోట్లోంచి ఒక మాట అడుగుతాడు, కాగితం మీద పెడతాడు, మళ్లీ పలకమంటాడు. తన ఇంటి మాట ఒక దొర చేతిలో అక్షరమవుతుంటే కుర్రవాడు చూస్తున్నాడు. దేవుడికి ఏ కోయ మాట వాడాలో తేల్చాల్సి వచ్చిన రోజున దొరకు ఆ కుర్రవాడే గురువు. ఆ సాయంత్రం అతను గూడేనికి పోయి, పెద్దవాళ్ల ముందు ఏం చెబుతాడు, ఏం దాస్తాడు? ఇక్కడ వచ్చినవాళ్లు పరాయివాళ్లు, కుర్రవాడు ఇంటివాడు. కానీ బడి నుంచి తిరిగి వచ్చే ఒక్కో రోజుకు అతను తన ఇంట్లోనే కొంచెం కొంచెం పరాయి అవుతున్నాడు. నవల పుట్టేది ఈ రెండింటి మధ్య.

ఆధారాలు లేవు, కోయలు కాగితాలు వదల్లేదు, అంతా కల్పించాల్సి వస్తుంది అన్నది రెండో అభ్యంతరం. కల్పన లేని చారిత్రక నవల లేదు. కిట్ కల్పితమే, ఆ నవలలో చెట్టుతొర్రలో దాచిన కనెటికట్ చార్టరు మాత్రం ఆ రాష్ట్రం తన చరిత్రగా చెప్పుకునే సంగతి. పైగా ఆధారాలు లేవన్న మాట నిజం కాదు, వెతికే చోటు వేరు. భాష నేర్చుకున్నవాడు రాసుకున్న పదాల్లో, వాక్యాల్లో ఎవరో ఒకరి గొంతు ఉంది. వెరియర్ ఎల్విన్ 1943లో వెలువరించిన పుస్తకానికి బస్తరు మారియాల హత్యలు, ఆత్మహత్యల కేసు కాగితాలే ముడిసరుకు. కోర్టులో చెప్పిన మాటల్లో ఇల్లు, పొలం, పగ, ప్రేమ అన్నీ బయటపడతాయి. భద్రాచలంలో రామదాసు గుడి కట్టకముందే పోకల దమ్మక్క అనే అడవి ఆడమనిషి రాముడికి పందిరి వేసి తాటిపండు నైవేద్యం పెట్టిందని గుడి సంప్రదాయమే చెబుతుంది. గుడి తన మూలకథలో ఆమెకు చోటిచ్చి కృతజ్ఞత చూపింది. ఆ కథను దమ్మక్క వైపు నుంచి, గుడి పెద్దదవుతున్నకొద్దీ తన పందిరి చోటు ఏమైందో చూస్తున్న ఆమె కూతురి వైపు నుంచి, చెప్పుకుంటే ఆధారానికి ఎక్కడా భంగం రాదు.

అడవి వైపు నవలలు ఇప్పటికే ఉన్నాయి కదా అన్నది మూడో మాట. ఉన్నాయి. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ తెలుగులో ఒక మైలురాయి. అయితే అవి తిరుగుబాటు కథలు. తిరుగుబాటులో రెండు వైపులూ స్పష్టంగా ఉంటాయి. మతంతో వచ్చినవాళ్ల మధ్య బతకడం అలా ఉండదు. మందు ఇచ్చే చేయి, అక్షరం దిద్దించే చేయి, మీ దేవుడు దేవుడు కాదని చూపే చేయి ఒకటే అయి ఉంటుంది. అంతేకాదు, అడవి వైపు నుంచి రాసినంత మాత్రాన అడవిని మచ్చలేనిదిగా చూపే హక్కు రాదు. ఆడమనిషిని టోనహీ, అంటే మంత్రగత్తె, అని వేధించడాన్ని ఆపడానికి ఛత్తీస్‌గఢ్ 2005లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. తెలుగు నేల మీద బాణామతి, చిల్లంగి నెపాలతో జరిగినవి మనకు తెలుసు. జ్వరం వస్తే ఒంటరి ముసలమ్మ గుడిసె వైపు వేలు చూపడం వెదర్స్‌ఫీల్డ్‌కు మాత్రమే చెందిన పాపం కాదు. నేను కోరే నవలలో కోయ కుర్రవాడు మిషను బంగళాను ఎంత సూటిగా చూస్తాడో, తన గూడెంలో వేలు చూపే చేతిని కూడా అంత సూటిగా చూడాలి. ఆ ధైర్యం లేకపోతే మనం స్పియర్ మీద పెట్టిన ఫిర్యాదు మన మీదకే తిరిగి వస్తుంది.

ఈ నవల ఎవరు రాయాలన్నదే అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. కోయ, దోర్ల, గోండి ఇళ్లలో పుట్టినవాళ్లు రాస్తే అది మరొకరు రాసినదానికన్నా మేలుగా ఉంటుంది, అందులో సందేహం లేదు. అంతవరకు మిగతావాళ్లు నోరు మూసుకోవాలా అంటే, అక్కర్లేదు. కెయిన్ పరాయివాడే, అయినా ముందు భాష నేర్చుకున్నాడు. కోయలో ఒక్క మాట రాకుండా కోయ కథ రాసే తెలుగు రచయిత ఆ మిషనరీ చేసిన పాటి పని కూడా చేయనట్టే. చింతలనార్ పిల్లలకు ఇంట్లో ఒక భాష, బడిలో హిందీ, కోంటా దాటి గోదావరి వైపు వస్తే తెలుగు. 2005 తర్వాతి గొడవల్లో ఆ చుట్టుపక్కల బడులు ఏళ్ల తరబడి మూతబడ్డాయి. ఎన్నో కుటుంబాలు పారిపోయి భద్రాచలం, ములుగు అడవుల్లో గుడిసెలు వేసుకుని, మన మధ్య గుత్తికోయలన్న పేరుతో పరాయివాళ్లయ్యారు. ఆ గుడిసెల్లో పెరిగిన పిల్లలు ఇప్పుడు తెలుగు చదువుతున్నారు.

అందుకని రెండు విన్నపాలు. తెలుగు పత్రికల, ప్రచురణ సంస్థల సంపాదకులకు: ఆ పిల్లల్లో ఎవరైనా రాసి పంపితే భాష దిద్దకండి. కోయ మూలాన్ని తెలుగు లిపిలో ఒక పుటన, తెలుగు అనువాదాన్ని ఎదురు పుటన అచ్చువేయండి. ఆ పిల్లలకు: మీ ఊరికి ఎవరు, ఎప్పుడు, ఏ దేవుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారో మీ ముసలివాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన మాటల్లోనే రాసిపెట్టుకోండి. ముసలివాళ్లు ఉండగానే అడగండి.